బ్యాటరీ తీసి మళ్లీ పెట్టు

మా కాలనీలో నన్ను ప్రమీలారాణి అని పిలిచేవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు మా ఆయన యేసుపాదం, ఇంకొకరు చర్చిలో పాస్టరుగారు. మిగతా అందరికీ నేను బ్యాటరీ అమ్మగారిని. ఆ పేరు పెట్టిన మహానుభావుడు దొరికితే చెవి మెలిపెడదామని చాలాకాలం చూశాను. దొరకలేదు. ఇప్పుడు దొరికితే మాత్రం కూర్చోబెట్టి భోజనం పెడతాను.

మాది విజయనగరం. కిరందుల్ లైను మీద ఇనుప రాయి మోసే గూడ్సు బండ్లకు మా ఆయన గార్డు. నేను ఆ లైను పక్కనున్న గని కాలనీలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఆపరేటరుని. గని కొండ మీద, కాలనీ కొండ కింద. తవ్విన రాయి కన్వేయర్ బెల్టు మీద అడవి మధ్యనుంచి కిందికి దిగుతుంది. ఆ బెల్టు వెంట కాలినడకన తిరుగుతూ రోలర్లు చూసుకునే గ్యాంగు ఒకటి ఉంటుంది. పొద్దున డ్యూటీ ఎక్కాక వాళ్లు ఎక్కడున్నారో ఆ దేవుడికే తెలియాలి. వాకీటాకీలేమో ఆఫీసర్ల నడుములకే అతుక్కుని ఉండేవి. కొత్తగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. సెల్‌ఫోను మాకు సినిమాల్లో చూడటమే. అలాంటప్పుడు కంపెనీ వాళ్లు బెల్టు గ్యాంగుకూ లోడింగు ప్లాంటుకూ ఆసుపత్రికీ పేజర్లు తెప్పించి, వాటి కంప్యూటరు తెచ్చి నా నెత్తిన పెట్టారు.

ఈ కాలం పిల్లలకు పేజరంటే తెలియదు. అగ్గిపెట్టెకు రెండింతలుండే నల్లటి డబ్బా, దాని మీద చిన్న అద్దం, అద్దంలో అక్షరాలు. నేను కంప్యూటరులో కబురు కొడితే ఎవరి నడుముకున్న డబ్బాలోనో కుయ్యిమని మోగుతుంది. మామూలు పేజరైతే అంతటితో సరి. మావి రెండువైపులా పనిచేసేవి. కబురు అందగానే డబ్బా తనంతట తానే ‘చేరింది’ అని నా తెర మీద చూపిస్తుంది. ఆ తర్వాత మనిషి జవాబివ్వాలి. జవాబులు లోపల వరసగా ముందే రాసిపెట్టి ఉంటాయి. కింది బాణం మీట నొక్కుకుంటూ కావలసిన జవాబు దగ్గరికి దిగి, గుండ్రటి మీట నొక్కితే అది నాకు వచ్చేస్తుంది. అన్నీ హిందీ మాటలే. మొదటిది ‘నహీ’, అంటే కుదరదు. దాని కింద ‘హా’, అంటే అవును. ఆ కింద ‘ఆ రహా హూ’, అంటే వస్తున్నాను. ఆ వరస పెట్టిన పెద్దమనిషి ఎవరో గాని జన్మలో ఎవరికీ ఒక్క పనీ చేసిపెట్టి ఉండడు. లేకపోతే అన్నిటికంటే ముందు ‘నహీ’ పెడతాడా?

ఆ డబ్బాలు వచ్చిన నాటి నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. చెడితే బాగుచేసే మనిషి విశాఖపట్నం నుంచి రావాలి, వానాకాలంలో అతను రాడు. కాబట్టి అందరూ నా కిటికీ దగ్గరికే. కబుర్లు అందటం లేదని ఒకడు వచ్చాడు. ఆరా తీస్తే, ఎవరైనా ఎత్తుకుపోతారని ఇనప ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. పెట్టెలోకి సిగ్నలు ఎలా దూరుతుందయ్యా అంటే, తలుపేసుకున్నా పక్కింటి రేడియో వినపడుతుంది కదా అని నాకే పాఠం చెప్పాడు. మోగటం మానేసి వణుకుతోందని ఇంకొకడు కంగారుగా తెచ్చాడు. మోత ఆపేసే మీట వాడే నొక్కుకున్నాడు. కొత్త కబుర్లు పడటం లేదని మరొకడు. పాతవి ఒక్కటీ చెరపలేదు, లోపల చోటెక్కడిది? పెళ్లాం ఉప్పలమ్మ పుట్టింటికి పోయి క్షేమంగా చేరానని చెప్పించిన కబురు అందులో ఉందట, అది పోతుందని భయం. ఆ ఒక్కటీ ఉంచి మిగతావి చెరిపి ఇచ్చాను. అలాంటివాణ్ణి ఏం తిడతాం!

ఎవరొచ్చినా నా మొదటి మందు ఒక్కటే. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టు. తీస్తే నా తెర మీద ఆ మనిషి నెంబరు పక్కన ఉండే పచ్చ చుక్క ఆరిపోతుంది, పెడితే వెలుగుతుంది. చుక్క వెలిగిందంటే సగం రోగం పోయినట్టే. ఈ మాట రోజూ చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది, నాకా పేరు స్థిరపడింది. సంతకు పోతే వంకాయలమ్మే సోమక్క కూడా, తూకం రాయి సరిగా లేదంటే, బ్యాటరీ తీసి పెట్టమంటావా అమ్మగారూ అని నవ్వేది.

దానికీ లొంగకపోతే అప్పుడు ప్రశ్నలు మొదలుపెట్టేదాన్ని. ఎక్కడ పెట్టుకుంటున్నావు? ఎప్పటినుంచి ఇలా ఉంది? దీన్ని ఏం చేశావు? మొదటి రెండింటికీ మనవాళ్లు బుద్ధిగా జవాబు చెబుతారు. మూడోదానికి మాత్రం అందరిదీ ఒకటే మాట, ఏమీ చెయ్యలేదని. సాంబారులో పడేసుకున్నవాడు కూడా ఏమీ చెయ్యలేదనే అంటాడు.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. గనిలో అది పెద్ద పండగ. డంపర్లు, లేతు మిషన్లు, స్పానర్లు, పారలు అన్నీ శుభ్రంగా కడిగి పసుపు రాసి బొట్లు పెడతారు. పనిముట్టుకు ఆ ఒక్కరోజు మర్యాద చేస్తే ఏడాదంతా మన మాట వింటుందని నమ్మకం. ఆ ఏడాది పేజరు కొత్త పనిముట్టు కదా. అన్నిటినీ ఒక ఇత్తడి పళ్లెంలో పేర్చి, పసుపునీళ్లు చల్లి, కుంకుమ దిద్ది, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు కూడా భక్తిగా పోశారు. నేను చర్చికి పోయే మనిషిని, పైగా నోరు మంచిది కాదు. అందుకని ఈ సంగతి నా చెవిన పడకుండా అందరూ జాగ్రత్తపడ్డారు.

మర్నాడు పొద్దున నేను అసలే కంగారులో ఉన్నాను. మా అమ్మాయి సువార్త పురిటికి మా ఇంటికి వచ్చి ఉంది. తెల్లవారుతుండగా నొప్పులు మొదలైతే ఆసుపత్రిలో చేర్చాను. మా ఆయన బండితో కొత్తవలస వైపు పోయి ఉన్నాడు. నన్ను విడిపించాల్సిన ఆపరేటరుకు జ్వరం. ఆసుపత్రి ఎక్స్‌ఛేంజికి ఎదురుగానే, రోడ్డు దాటితే వచ్చేస్తుంది. అయినా నేను కుర్చీ వదలటానికి లేదు. సిస్టరు నాగేశ్వరమ్మ మాటిమాటికీ ఫోను చేసి చెబుతానంది. ఆమెది శ్రీకాకుళం, నన్ను అక్కా అంటుంది.

నా భయం నొప్పుల గురించి కాదు. సువార్తది ఓ నెగటివ్ రక్తం. ఎక్కడో నూటికి కోటికి ఒకరికి ఉండేది. కాన్పులో అవసరం పడితే దొరకదు, ముందే మనిషిని చూసి పెట్టుకోండని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. నాది కుదరదు, మా ఆయనదీ కుదరదు. కంపెనీ ఆరోగ్య పరీక్షల్లో చూస్తే చుట్టుపక్కల అదే రక్తం ఉన్నవాడు ఒక్కడే తేలాడు. బెల్టు గ్యాంగులో ఆయతు. కొంటా వైపు దొరలు అనే గిరిజన తెగ మనిషి. వాళ్లింట్లో తమ దోర్లీ భాషే మాట్లాడుకుంటారు గాని తెలుగు బాగా వచ్చు.

వాళ్ల పాకకు నేనే పోయి అడిగాను. ఆయతు భార్య లక్మే వైపు చూశాడు. లక్మే నన్ను కూర్చోమని, చాలా అడిగింది. రక్తం తీస్తే మళ్లీ ఊరుతుందా, కొండెక్కే బలం ఉంటుందా, నీ కూతురికి ఎక్కిస్తే వీడి ఆయుష్షు తగ్గుతుందా అని. నాకు తెలిసినంత చెప్పాను. ఆమె వింటూ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. చివరికి ఆయతే నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ ఒక్క మాటన్నాడు.

"కబురు పెట్టక్కా. వస్త."

ఆ మాట పట్టుకునే నేను అన్ని రోజులూ నిద్రపోయాను.

సరే, ఆ పొద్దున మొదట వచ్చినవాడు లోడింగు ప్లాంటు ముత్తయ్య. వానలో తడిసి, ఏడుపు ముఖంతో వచ్చాడు. డ్యూటీలో ఉన్నావా అని ఫోర్‌మన్ కబురు పెట్టిస్తే వీడి జవాబు ‘నహీ’ అని పోయింది. నాగా వేశారు. నేను మిషను పక్కనే నిలబడి ఉన్నానమ్మా, ‘హా’ అనే కొట్టానమ్మా అని ఒకటే గోల. బ్యాటరీ తీయించాను, పెట్టించాను. చుక్క వెలిగింది. కబురు పంపితే చేరింది. జవాబు కొట్టమంటే మళ్లీ ‘నహీ’. వాడి చేతిలోంచి లాక్కుని నేనే నొక్కి చూశాను. కింది బాణం మీట రాయిలా బిగుసుకుపోయి ఉంది. గుండ్రటి మీట మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. కిందికి దిగే దారి లేక మొదటి జవాబే పోతోంది.

"దీన్నేటి సేసేవు?" అన్నాను.

"ఏం జెయ్యలేదమ్మా. దాన్ని ఏంది జేసేది?"

గుండుసూదితో మీట పైకి లేపి చూస్తే కింద పసుపు గట్టిగా పేరుకుపోయి ఉంది. మధ్యలో ఎర్రగా కుంకుమ. ఇదేంటని ముత్తయ్య ముందు పెట్టాను. చివరికి పళ్లెం సంగతి, కొబ్బరినీళ్ల సంగతి అన్నీ బయటపడ్డాయి. ఒక్క పేజరా, పళ్లెంలో పెట్టినవన్నీ అలాగే ఉంటాయి! నేను నెత్తి కొట్టుకుని, ఆసుపత్రి నుంచి కాస్త స్పిరిటు తెప్పించి, దూదితో తుడవటం మొదలుపెట్టాను. ముత్తయ్యదాన్ని బాగుచేసి పంపేసరికి కిటికీ బయట ఇంకా కొందరు నిలబడి ఉన్నారు, అందరివీ పచ్చటి పేజర్లే. తిడుతూనే తుడిచాను.

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. నాగేశ్వరమ్మ. ఆడపిల్ల పుట్టింది, పిల్ల బాగుంది అంది. నేను స్తోత్రం అనబోయేలోపే ఆమె గొంతు తగ్గించింది.

"అక్కా, రక్తం ఆగట్లేదు. ఆయతుకి కబురెట్టు."

రోజూ వేసే అక్షరాలే ఒకదాని బదులు ఒకటి పడ్డాయి. చెరిపి మళ్లీ కొట్టాను. అమ్మాయికి రక్తం కావాలి, వెంటనే ఆసుపత్రికి రా అని. పంపాను. ‘చేరింది’ అని వచ్చింది. పచ్చ చుక్క అలాగే వెలుగుతోంది. ఇక జవాబు కోసం తెరను కళ్లతో తినేస్తూ కూర్చున్నాను.

జవాబు వచ్చింది. ‘నహీ’.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గుమ్మంలో నిలబడి మాటిచ్చి ఇదా చేసేది! లక్మే వద్దని ఉంటుంది, ఆమె ముఖం చూస్తేనే తెలిసింది, వాళ్లను నమ్మి కూర్చోవటం నాదే బుద్ధి తక్కువ అని గోడకు వినపడేలా అనేశాను. చేతిలో దూది ఉంటే నేలకేసి కొట్టాను. ఇంతలో నాగేశ్వరమ్మ మళ్లీ ఫోను. ఏమన్నాడని అడిగింది. తెర మీదున్నది చదివి వినిపించాను. రానన్నాడా అని ఆమె అంది. డాక్టరమ్మ పక్కనే ఉంది, అలాగైతే జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోక తప్పదు, అంబులెన్సు గుమ్మంలో పెట్టించానంటోంది. ఆ వానలో, ఆ ఘాట్ రోడ్డులో, రక్తం కారుతున్న పిల్లను అంత దూరం కుదుపుకుంటూ తీసుకుపోవటం. అక్కడికి చేరేదాకా ఉంటుందో లేదో తనకూ నమ్మకం లేదని డాక్టరమ్మే అందట. అయినా ఇక్కడ రక్తం లేకుండా ఉంచుకుని ఏం చేస్తుంది పాపం ఆవిడ మాత్రం!

ఫోను చెవిన ఉండగానే తెర మీద ఇంకొకటి పడింది. ‘నహీ’. దాని కింద మళ్లీ ‘నహీ’. నేను చూస్తుండగానే ఇంకొకటి.

తెలిసిందిరా బాబూ, రావని తెలిసింది, ఎన్నిసార్లు చెబుతావు అని పళ్లు నూరాను. ఆ మాట నోట్లో ఉండగానే ఏదో తట్టింది. రానివాడు అన్నిసార్లు ఎందుకు చెబుతాడు? రానివాడు ఒకసారి చెబుతాడు, చెప్పి పేజరు నడుముకు తగిలించుకుని తన పని తాను చూసుకుంటాడు. ఇలా మీట మీద మీట నొక్కేవాడు, తను అనుకున్నది పోవటం లేదని తంటాలు పడుతున్నవాడే. ముత్తయ్య పొద్దున నా ముందు నొక్కింది అచ్చంగా ఇలాగే.

"నాగేశ్వరమ్మా, ఆపు! అంబులెన్సు ఎక్కించొద్దు" అన్నాను. "ఆడు కాదంట్లేదు. ఆ మీట కాదంటంది."

డాక్టరమ్మ ఫోను తీసుకుంది. ఆవిడ బెంగాలీ, మాతో హిందీలో మాట్లాడుతుంది. జవాబు కాదనే కదా వచ్చింది, ఏ నమ్మకంతో ఆగమంటున్నారని అడిగింది. ఆవిడ అడిగింది న్యాయమే. నేను మీట గురించి, పసుపు గురించి చెప్పబోతే ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నిజంగా వస్తున్నాడని తెలిస్తే ఆగుతాను, మీరు అనుకుంటే చాలదు, తొందరగా తేల్చండి అని ఫోను పెట్టేసింది.

ఎలా తేల్చను? అతను బెల్టు వెంట అడవిలో ఉన్నాడు. కొండ మీది ఆఫీసుకు చేసి చూశాను, వానకు లైను పోయింది. అతనితో మాట్లాడే దారి ఒక్కటే, ఆ డబ్బా. అది వినగలదు, పలకలేదు. ఏం అడిగినా ‘నహీ’ అనే అంటుంది. రావటం లేదా అని తిప్పి అడుగుదామా అనిపించింది. అడిగితే, నిజంగా రానివాడూ అదే మాట అంటాడు, వచ్చేవాడూ అదే అంటాడు. నా కూతురు ఎదురు బిల్డింగులో చచ్చిపోతుంటే నేను కుర్చీలో కూర్చుని మాటలతో ఆడుకుంటున్నానని ఏడుపొచ్చింది. దేవా, పదేళ్లుగా ఈ ఊరందరికీ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను, ఇప్పుడు నాకు ఒక్క మాట చెప్పు అని బల్ల మీద తల పెట్టుకున్నాను.

నిజం చెబుతున్నాను, దేవుడు చెప్పింది నా మాటే. రోజూ వాగే మాటే.

లేచి కబురు కొట్టాను. ఆయతూ, వస్తూ ఉంటే బ్యాటరీ తీసి మళ్లీ పెట్టు. మీట పలకకపోయినా అది చెయ్యటానికి వీలవుతుంది కదా.

‘చేరింది’ అని వచ్చింది. పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. అంతసేపూ వెలగమని వేడుకున్న చుక్కను ఇప్పుడు ఆరిపో తల్లీ అని బతిమాలుకున్నాను. ఆరదే! బయట అంబులెన్సు ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఎంతసేపైందో నాకు తెలియదు.

చుక్క ఆరిపోయింది.

సిగ్నలు పోయినా ఆరుతుంది. బెల్టు సొరంగంలోంచి దిగేచోట అలాగే పోతుంది. వెలగాలి. వెంటనే వెలిగితేనే మనిషి చేసినట్టు. వెలిగింది. నేను కుర్చీలోంచి లేచేలోపు మళ్లీ ఆరింది, మళ్లీ వెలిగింది. నాకు అనుమానం మిగలకూడదని ఆ మహానుభావుడు రెండోసారి కూడా తీసి పెట్టాడు.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఫోనులో నేను ఏం అరిచానో నాకు గుర్తు లేదు, నాగేశ్వరమ్మ ఇప్పటికీ అనుకరించి చూపిస్తుంది. డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. అంబులెన్సు ఇంజను ఆగింది. ఆవిడ నన్ను నమ్మి ఆగింది చూడండి, ఆ రుణం కూడా నాకుంది.

మా ఎక్స్‌ఛేంజి వెనక కొండ మీంచి దిగే కాలిబాట ఒకటి ఉంది. వానాకాలంలో మేకలు కూడా దాన్ని నమ్మవు. ఆ దారినే వచ్చాడు. నడుము దాకా ఎర్ర బురద, ఒక కాలికి చెప్పు లేదు. మొదటి కబురు అందిన నిమిషం నుంచీ పరుగెత్తుతూనే ఉన్నాడట. దిగుతూ దిగుతూ ఆ మీట నొక్కుతూనే ఉన్నాడట. నా కిటికీ ముందునుంచి పోతూ ఆగలేదు, చెయ్యెత్తి పేజరు నాకు చూపించి ఆసుపత్రిలోకి పరుగెత్తాడు. నేను కుర్చీలోనే మోకరించినంత పని చేశాను.

ఆయతు రక్తం సువార్తకు ఎక్కింది. సాయంత్రానికి నాగేశ్వరమ్మ ఫోను చేసి, రక్తం ఆగిందక్కా, నీ కూతురు మంచినీళ్లడిగింది అని చెప్పింది. ఆ ఒక్క సీసా లేకపోతే తన చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ తర్వాత నాతో అంది. విడిపించే మనిషి వచ్చాక నేను రోడ్డు దాటి పోయేసరికి, వరండాలో లక్మే కూర్చుని ఉంది. మొగుడికి జావ తెచ్చి తాగిస్తోంది. నేను ఆమె చేతులు పట్టుకుంటే, నీ కూతురు లేస్తే నాకు చూపించు అని మాత్రం అంది. ఆ చేతులు వదలబుద్ధి కాలేదు నాకు. ఈనాటికీ నా ప్రార్థనలో మా ఇంటివాళ్ల తర్వాత మొదటి పేరు లక్మేదే, రెండోది ఆయతుది. అడగాల్సింది అడిగి, భయపడాల్సింది భయపడి, ఆ తర్వాత కూడా పంపింది కదా ఆమె.

కొన్నాళ్లకు ఆయతు నా కిటికీ దగ్గరికి వచ్చాడు. కూర్చోమని కుర్చీ వేశాను. ఏం కావాలన్నా అడగమన్నాను, నిజంగానే అన్నాను. అతనికి కావలసిందల్లా ఆ పేజరు బాగవటం. బెల్టు తెగిన చోటుకు వస్తావా అంటే ‘నహీ’ పోతోందట, ఫోర్‌మన్ మండిపడుతున్నాడట. అందరివీ బాగుచేశాను గాని ఇతనిది మాత్రం రక్తం ఇచ్చిన హడావుడిలో అలాగే మళ్లీ కొండెక్కిపోయింది. తీసి చూశాను. ముత్తయ్యదానికంటే ఘోరం. మీటలకింద పసుపూ కుంకుమా బంకలా అంటుకుని ఉన్నాయి, దానికి తోడు ఏదో తియ్యటి వాసన.

అలవాటు చొప్పున అడిగాను, దీన్ని ఏం చేశావని. ఏమీ చెయ్యలేదంటాడని చూస్తున్నాను.

"పూజ అయినంక ఇంటికి తీస్కపోయినక్కా" అన్నాడు. "కొత్తదేది వచ్చినా మా వేల్పు ముందల పెట్టి ఇప్పసారా చుక్కలు పోస్తం. లక్మే పోసింది. అది మంచి మాట చెప్పాలని."

నాకు నవ్వాగలేదు. నా సర్వీసులో ఆ ప్రశ్నకు నిజం చెప్పిన మొదటి మనిషి అతనే. తిడదామన్నా నోరు రాలేదు. స్పిరిటు తెచ్చి, దూది పుల్లకు చుట్టి, మీట మీట తుడిచాను. ఎవరి పేజరునీ అంత శ్రద్ధగా తుడవలేదు. అన్నీ బిగించి, బ్యాటరీ పెట్టి అతని చేతిలో పెట్టాను. నీకు ఇష్టమైన జవాబు ఏదైనా కొట్టు, నాకు చేరుతుందో లేదో చూస్తానన్నాను.

ఆయతు బొటనవేలితో నిదానంగా కింది బాణం నొక్కాడు, ఒకసారి ఆగి చూసుకుని మళ్లీ నొక్కాడు. తర్వాత గుండ్రటి మీట. నా తెర మీద పడింది. ‘ఆ రహా హూ.’

ఆ రోజు కొండ దిగుతూ దారి పొడుగునా అతను పంపాలని చూసిన మాట అది. అతను నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగా నాకు అందింది. ఎదురుగా ఆసుపత్రి వరండాలో సువార్త పిల్లను ఒళ్లో వేసుకుని ఎండలో కూర్చుని ఉంది. నాకు కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవటం కూడా చేతకాలేదు.

ఆయతు కంగారుపడి పేజరు తిప్పి వెనక మూత మీద వేలు పెట్టాడు.

"ఏందక్కా, మళ్ల తప్పు పోయిందా? బ్యాటరీ తీసి పెట్టాల్నా?"

"వొద్దు బాబూ" అన్నాను. "దాన్నలాగే ఉండనీ."